ఎంత గాలి?

నాంపల్లిలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో మా మామయ్య వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు, బయట కూర్చున్న మా అందరిదీ ఒకటే కోరిక: మిషన్ ఇంకాస్త ఎక్కువ గాలి పంపాలి. డాక్టరమ్మేమో తగ్గించే పెడుతున్నామన్నారు. అబిడ్స్ పోస్టాఫీసు దాకా నడిచొచ్చినా ఆ మాట మింగుడుపడలేదు. ఊపిరాడని మనిషికి ఊపిరి తగ్గించడం ఏం వైద్యం?

మర్నాడు ఆవిడ సీటీ స్కాన్ చూపించారు. వెల్లకిలా పడుకున్న మనిషి ఊపిరితిత్తుల్లో వీపువైపంతా నీరు నిండి తెల్లబడింది. గాలి ఆడే నలుపు ఛాతీవైపు కాస్తే మిగిలింది. "మొత్తానికి సరిపడే గాలి పంపితే అదంతా ఈ కాస్త చోటికే పోతుందండీ. బాగున్నదీ దెబ్బతింటుంది" అన్నారు.

మామయ్య ఇంటికి తిరిగొచ్చారు. అయినా ఒక్కరు కోలుకున్నంత మాత్రాన ఏదీ రుజువు కాదు గనుక, ఊపిరితిత్తుల్లో అలా నీరు నింపే ఏఆర్‌డీఎస్ అనే ఆయన జబ్బు గురించి చదవసాగాను. 1980లలో ఇటలీ వైద్యుడు లూచానో గాటినోని సీటీల్లో ఇదే గమనించి, మిగిలిన ఆ భాగాన్ని 'పసిబిడ్డ ఊపిరితిత్తి' అన్నారు. 2000లో వెలువడిన అమెరికా పరిశోధనలో 861 మంది రోగులున్నారు. ఒక్కో శ్వాసకు, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున గాలి అందినవారిలో 39.8 శాతం మరణిస్తే, 6 చొప్పున అందినవారిలో 31 శాతమే మరణించారు.

అయితే స్కాన్ చూస్తే చాలా? ఫ్రాన్స్‌లో 420 మందితో జరిగి 2019లో వెలువడిన పరిశోధన, కొందరికి సీటీ లేదా ఎక్స్‌రేను బట్టి వెంటిలేటర్ అమర్చింది. మొత్తంమీద మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. సుమారు ఐదుగురిలో ఒకరి చిత్రాన్ని తప్పుగా చదివారు. తమ ఊపిరితిత్తులకు పొసగని అమరిక దొరికినవారిలో మరణాలు పెరిగాయి.

చూసినదాన్నే నమ్మి పొరబడడం కొత్త కాదు. 1889లో మన హైదరాబాదులోనే వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ఖర్చుతో జరిగిన క్లోరోఫారం కమిషన్, ఆ మందు మత్తులో ముందు ఆగేది శ్వాసే, దాన్ని కనిపెట్టుకుంటే చాలని తేల్చింది. క్లోరోఫారం గుండెనే నేరుగా ఆపగలదని 1911లో వైద్యుడు లెవీ చూపారు. కమిషన్‌వాళ్లూ శ్రద్ధగానే చూశారు. కనిపించినదే సమస్తం అనుకున్నారు.

జబ్బు పేరు ఒకటైనా ఏ ఇద్దరి ఊపిరితిత్తులూ ఒకటి కావు. ఒకే మనిషివి నిన్నటిలా ఇవాళ ఉండవు. ఎక్కువ ఇవ్వడమే సాయమని మనం అనుకుంటాం. తీసుకోగల చోటు ఎంత మిగిలిందో చూసి ఇవ్వడం, ఇచ్చాక మళ్లీ చూడడం సాయమని నాకిప్పుడు తోస్తోంది.

మనవాళ్లు వెంటిలేటర్ మీద ఉన్న రోజున, గాలి పెంచమని డాక్టర్లను తొందరపెట్టవద్దు. ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి, మళ్లీ ఎప్పుడు చూస్తారు అని అడుగుదాం.