మెరుపు వద్దు... గరుకే ముద్దు!

నేలలో ముఖం కనిపించాలి... నిన్నమొన్నటిదాకా ఖరీదైన ఇంటికి అదే గుర్తు. ఇప్పుడు లక్షలు పోసి ఇల్లు బాగుచేయించుకునేవాళ్లు మెరుపు లేని, కాలికి కాస్త గరుగ్గా తగిలే రాయి కావాలంటున్నారు. అలాంటి రాయికి పెట్టింది పేరు అనంతపురం జిల్లా తాడిపత్రి.

పెన్న ఒడ్డున విజయనగర కాలంనాటి బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఈ ఊరికి ఒక గుర్తింపైతే, నాపరాళ్లు మరొకటి. వాన ముఖం చాటేసి పైరు చేతికిరాని ఏడు కూడా గనులూ, పాలిష్ యూనిట్లూ ఇక్కడ ఎందరికో కూలి చూపిస్తాయి.

ఇది పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. పొర వెంబడి ఉలితో కొడితే పలకలా విడిపోతుంది. పైన సహజంగానే చిన్నచిన్న ఎత్తుపల్లాలుంటాయి. సీమ ఇళ్లలో అరుగులకూ వసారాలకూ తరతరాలుగా పరిచింది ఈ బండలే. అద్దంలాంటి నేల తడిస్తే జారుతుంది. గరుకు బండ మీద పెద్దవాళ్ల అడుగు నిలుస్తుంది.

అలాగని ఇల్లంతా ఒకటే పరిచేయకూడదు. మరీ గరుకైతే మురికి పడుతుంది. అందుకే గదుల్లోకి మెరుపు రాకుండా సాపు చేసిన మ్యాట్ రకం, వాకిలికీ పెరటికీ చీల్చిన బండ నయం. సున్నపురాయి కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మచ్చలు తేలతాయి. వెంటనే తుడిచేయాలి. యాసిడ్‌తో కడగనేకూడదు.

కొనేముందు బండ మీద నీళ్లు చల్లించండి. చెప్పులు విడిచి, జాగ్రత్తగా ఒక అడుగు వేసి చూడండి. మీ ఇంటికి ఏది సరిపోతుందో అరికాలే చెబుతుంది!