పూజలో పెట్టలేని కత్తి

"సాఫ్ట్‌వేరు ఇంజనీరుకి జపాను కత్తులతో పనేంటి?" నా హాబీ సంగతి తెలిసిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న ఇది. రెండోది "ఎంత పెట్టి కొన్నావ్?". మొదటిదానికి సమాధానం చెప్తాను. రెండోదానికి చెప్పను, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది :)

నా దగ్గరున్నవి మూడే మూడు. ఒకటి పాత వకిజాషి, అంటే పొట్టి కత్తి, సంతకం లేనిది. రెండోది రెండో ప్రపంచ యుద్ధంలో జపాను హవల్దారు స్థాయివాళ్ళకి ఇచ్చిన 95 రకం. మూడోది ఆఫీసర్లు కట్టుకున్న 98 రకం. అసలు గొడవంతా ఈ మూడోదానితోనే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

జపాను కత్తి అనగానే అంతా ఒకటే అనుకుంటాం, సమురాయ్ సినిమాల పుణ్యమా అని. నిజానికి ఇవి రెండు వేరు వేరు ప్రపంచాలు. ఒకటి సంప్రదాయ పద్ధతిలో కమ్మరి చేత్తో చేసిన నిహోంతో. ఇనప ఇసుకని, బొగ్గుని మట్టి కొలిమిలో రోజుల తరబడి మండించి ఉక్కు ముద్ద తీస్తారు. దాన్ని మడతేసి, సాగగొట్టి, మళ్ళీ మడతేసి మలినాలు వదలగొడతారు. మన నిజామాబాదు వైపు కోనసముద్రంలో ఒకప్పుడు ఉక్కుని మూసల్లో కరిగించి తీసేవాళ్ళు. వీళ్ళది అలా కాదు, దెబ్బలతో శుభ్రం చేసిన ఉక్కు. ఆఖర్న కత్తికి మట్టి పూస్తారు, వీపు వైపు మందంగా, పదును వైపు పల్చగా. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే పదును వైపు త్వరగా చల్లారి గట్టిపడుతుంది, వీపు కాస్త మెత్తగా ఉంటుంది. ఈ రెండింటి సరిహద్దులో తెల్లటి పొగమంచులాంటి గీత వస్తుంది. దాన్ని హమోన్ అంటారు. దీపం ముందు కత్తిని అటూ ఇటూ తిప్పుతూ ఆ గీతని చూడ్డం మొదలెడితే టైము తెలీదు. నేను కత్తుల్లో పడింది దాని మూలంగానే.

రెండో ప్రపంచం గుంతో, అంటే మిలిటరీ కత్తులు. 1876లో మేయిజీ ప్రభుత్వం జనం బహిరంగంగా కత్తి కట్టుకుని తిరగడం నిషేధించింది. కమ్మర్లు చాలామంది రోడ్డున పడ్డారు. సైన్యం ఐరోపా తరహా పిడులున్న కత్తులకి మారింది. 1930లలో జాతీయవాదం ముదిరాక మళ్ళీ పాత సమురాయ్ ఆకారమే కావాల్సొచ్చింది. 1934లో ఆఫీసర్లకి కొత్త నమూనా, 1935లో కింది స్థాయివాళ్ళకి 95 రకం, 1938లో 98 రకం వచ్చాయి. 95 రకం పూర్తిగా ఫ్యాక్టరీ సరుకు. చాలావాటికి పిడి అల్యూమినియం పోత, తాడు చుట్టినట్టు కనిపించేలా రంగు వేశారంతే. కత్తి మీద సీరియల్ నంబరు కూడా ఉంటుంది. బిల్డ్ నంబరున్న కత్తి చూస్తే ఏ ఇంజనీరుకి ముచ్చటేయదు చెప్పండి?

ఆఫీసర్ల సంగతి వేరు. వాళ్ళు కత్తి సొంత డబ్బుతో కొనుక్కోవాలి. చాలామంది సెకి పట్నంలో టోకున తయారైనవి కొన్నారు. కొందరు మాత్రం ఇంట్లో తాతల నాటి కత్తినే మిలిటరీ పిడి, ఒర తొడిగించి యుద్ధానికి పట్టుకెళ్ళారు. అంటే బయటినుంచి చూస్తే అన్నీ ఒకటే, లోపల మాత్రం 1943లో మిషను మీద చేసింది ఉండొచ్చు, మూడు నాలుగొందల ఏళ్ళ కిందటిదీ ఉండొచ్చు. ఏది ఏదో తెలియాలంటే పిడి విప్పాల్సిందే.

పిడికి అడ్డంగా చిన్న వెదురు మేకు ఉంటుంది. దాన్ని మెల్లగా తోస్తే పిడి ఊడొస్తుంది. పిడిలో దూరి ఉండే ఇనప భాగం పేరు నకగో. నా లెక్కన అదే ఈ కత్తికి సోర్సు కోడు. కొనాలనుకునేవాళ్ళకి నాకు తెలిసిన నాలుగు ముక్కలు:

1. నకగో మీద తుప్పు గీకొద్దు, గీకొద్దు, గీకొద్దు. వయసు చెప్పేది ఆ తుప్పే. దాన్ని గరుకు కాగితంతో రుద్దితే కత్తి విలువలో పెద్ద ముక్క నేలపాలే.

2. చిన్న ముద్ర ఉందేమో చూడండి. షోవా ముద్రో, సెకి ముద్రో ఉంటే సాధారణంగా సంప్రదాయ పద్ధతిలో చేసింది కాదు. నక్షత్రం ముద్ర ఉంటే సైన్యం గుర్తించిన కమ్మరి పాత పద్ధతిలో చేసినది.

3. తారీఖు షోవా శకంలో ఉంటే 1925 కలపండి. షోవా 18 అంటే 1943.

4. గొప్ప పేరు కనిపించగానే ఎగిరి గంతెయ్యొద్దు. దొంగ సంతకాలు ఇవాళ్టి జబ్బు కాదు, కొన్ని వందల ఏళ్ళ నాటిది. కొతెత్సు పేరుతో ఉన్న కత్తి చూస్తే ముందు అనుమానించాలని తలపండినవాళ్ళు ఊరికే అనరు. జపానులో 1948లో పెట్టిన కత్తుల పరిరక్షణ సంఘం పరీక్ష చేసి కాగితం ఇస్తుంది. ఆ కాగితం లేని పెద్ద పేరుకి పెద్ద డబ్బు ఇవ్వొద్దు.

ఇంతవరకూ సరదా భాగం. ఇప్పుడు మూడో కత్తి.

నా 98 రకం సెకి ముద్రున్నది. కళగా చూస్తే ఏమంత లేదు. కానీ ఒరకి ఒక చిన్న చెక్క ముక్క దారంతో వేలాడుతోంది. దాని మీద సిరాతో జపాను అక్షరాలు. ఆఫీసులో జపాను సహోద్యోగిని అడిగితే చదివి, కాసేపు ఊరుకుని, "ఇది ఒక మనిషి పేరు, ఊరు" అన్నాడు. 1945లో లొంగిపోయినప్పుడు కొందరు, తిరిగిస్తారేమోనన్న ఆశతో తమ కత్తులకి ఇలా పేరు కట్టి అప్పగించారు. తిరిగివ్వడం అన్నది చాలావాటి విషయంలో జరగలేదు. తొకుగవ వంశం వాళ్ళ హోంజో మసమునే 1939 నుంచి అక్కడ జాతీయ సంపద. 1945 డిసెంబరులో దాన్ని మెజిరో పోలీస్ స్టేషన్లో అప్పగించారు, ఇప్పటికీ అయిపూ అజా లేదు. జాతీయ సంపదకే దిక్కు లేకపోతే మామూలు ఆఫీసరు కత్తి ఎంత!

"అయితే ఆ కుటుంబానికి పంపించెయ్ మరి" అంటారు కదా. నేనూ అదే అనుకుని చట్టం చదివాను. జపానులో కళాఖండంగా నమోదైన కత్తే ఇంట్లో ఉంచుకోవచ్చు. సంప్రదాయ పద్ధతిలో చేసినవాటికే ఆ నమోదు దొరుకుతుంది. యుద్ధకాలపు ఫ్యాక్టరీ కత్తి ఆ పరీక్షలో నెగ్గదు. అంటే నాది పంపిస్తే వాళ్ళింటికి చేరకుండానే తుక్కయ్యే అవకాశమే ఎక్కువ. తయారైన దేశంలోనే చోటులేని వస్తువు మా అలమరలో ఉంది.

ఇక్కడ కత్తులు పోగేసేవాళ్ళలో రెండు ముఠాలు. కళ ముఠా గుంతోని చీదరించుకుంటుంది. మిలిటరీ పిడిలో పాత కత్తి దొరికితే పిడి, ఒర అవతల పారేసి, తెల్ల చెక్క ఒరలో పెట్టి, "ఆహా, ఎడో కాలం" అంటుంది. 1930లు, 40లు దాని జీవితంలో లేనట్టే! మిలిటరీ ముఠాకి పిడి, ఒర, ట్యాగు ముఖ్యం. ఒకాయన నన్ను ఆ చెక్క ముక్క ఒక్కటీ అమ్ముతావా అని అడిగాడు. మంచి రేటే చెప్పాడు. ఇవ్వలేదు.

రెండు ముఠాలూ అడగని ప్రశ్న మా అమ్మ అడిగింది. దసరాలకి మా ఇంట్లో ఉంది తను. ఆయుధ పూజకి కారు తాళాలు, లాప్‌టాపు, స్క్రూడ్రైవర్లు పెట్టాం. అసలు ఆయుధం ఇంట్లో ఉంచుకుని స్క్రూడ్రైవరుకి బొట్టేంటని నేను 98ని తెచ్చాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఏట్రా ఇది? ఎవడి పీక మీద ఆడిందో ఏటో. తీసెయ్."

మాది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. అప్పుడు ఊళ్ళో జనం చేతికందింది పట్టుకుని పల్లెలకి పోయారని మా తాతయ్య చెప్పేవాడట. అమ్మకి జపాను అంటే హమోన్లు, తమహగనే కాదు, ఆ పరుగు. ఆ సైన్యమే అదే ఏడు మార్చి నుంచి 1945 దాకా అండమాన్లు ఏలింది. అక్కడ ఏం జరిగిందో చదివినవాళ్ళకి తెలుసు. 1943 అక్టోబరులో న్యూగినీలోని ఐతపేలో లెనార్డ్ సిఫ్లీట్ అనే ఆస్ట్రేలియా సైనికుణ్ణి కళ్ళకి గంతలు కట్టి కూచోబెట్టి, కత్తెత్తి నిలబడ్డ ఫోటో ఉంది. అందులో కనిపించేది ఇలాంటి కత్తే.

నాది అలాంటి పని చేసిందని నేను అనడం లేదు. చాలా కత్తులు ఒర దాటకుండానే యుద్ధం ముగించాయి. కానీ చెయ్యలేదని చెప్పే ఆధారమూ లేదు. "వస్తువు ఏం పాపం చేసింది, వాడినవాడిది తప్పు" అని మావాళ్ళు అనే మాట నాకు సగమే నిజంగా కనిపిస్తుంది. పాత వకిజాషి కూడా అలంకారానికి పుట్టింది కాదు కదా, నిజమే. అయితే ఆ కాలపు మనుషుల్ని తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. 98 సంగతి అలా కాదు. దానికి పేరు కట్టిన మనిషి పిల్లలు, అలాంటి కత్తుల కింద పోయినవాళ్ళ పిల్లలు ఇంకా బతికున్నారు.

అందుకని నా రూలు ఇది. మిలిటరీ పిడి, ఒర మార్చను. మెరుగు పెట్టించను. ట్యాగు విడదీయను. పూజలో పెట్టను, హాల్లో గోడకి తగిలించను. పాండవులు ఆయుధాల్ని శవంలా మూటగట్టి జమ్మి చెట్టు మీద దాచినట్టు, గుడ్డలో చుట్టి అలమరలో ఉంచుతాను. ప్రతి పెట్టెలో ఒక కాగితం పెట్టాను: ఇది ఏంటి, ఎక్కడ కొన్నాను, ట్యాగు మీద ఏముంది, ఏం తెలీదు. మా పిల్లలకి వద్దనిపిస్తే కాగితంతో సహా మ్యూజియానికి ఇమ్మని కూడా రాశాను. ట్యాగు ఫోటో తీసి, ఆ ఊరి పేరుతో వెతకమని మా సహోద్యోగికి ఇచ్చాను. కుటుంబం దొరికితే కత్తి వెళ్ళలేకపోయినా కబురు వెళ్తుంది. తర్వాత చెక్క ముక్కని ఏం చెయ్యాలో వాళ్ళే చెప్తారు. దాన్ని కత్తి నుంచి విడదీసే హక్కు ఎవరికైనా ఉంటే వాళ్ళకే.

చివరగా ఒక మాట. బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చిన తాతలు మనవాళ్ళలోనూ ఉన్నారు. మీ అటక మీద అలాంటి కత్తి ఉంటే ముందు చట్టం సంగతి కనుక్కోండి, ఇండియాలో ఆయుధాల చట్టంతో పరాచికాలొద్దు. తుప్పు గీకకండి. అంతకన్నా ముఖ్యంగా, అది ఎక్కడ, ఎవరి నుంచి, ఎలా వచ్చిందో ఇంట్లో తెలిసినవాళ్ళని ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి. తుప్పు చెప్పగలిగింది వయసు ఒక్కటే.