మలక్కా జలసంధి

తాంబూలమున మనము వేసికొను లవంగమును, జాజికాయయు పూర్వ మెక్కడినుండి వచ్చుచుండెనో యెన్నడైన విచారించితిమా? లవంగము మొలుకా దీవులందును, జాజికాయ బందా దీవులందును మాత్రమే పండిన కాలమున, ఆ సరకులలో పెక్కుభాగము మలక్కా జలసంధి గుండ మన వైపునకు వచ్చుచుండెను.

గడచిన వేసవి సెలవులలో మే మా జలసంధిని కన్నులార జూచితిమి. మలక్కా పట్టణమున పోర్చుగీసువారి కోటలో నేటికి మిగిలిన ద్వారమును దాటి, వెనుకనున్న గుట్ట యెక్కితిమి. పడమట బురదవన్నె నీరు. అలల సవ్వడి లేదు. దూరమున చీమలబారువలె నావలు. "ఈ నీటికొరకా యిన్ని యుద్ధములు?" అని మా పెద్దమ్మాయి యడిగినది.

పటము విప్పి చూపితిమి. మలయా ద్వీపకల్పమునకును సుమత్రా దీవికిని నడుమ నీ దారి సుమారు 800 కిలోమీటర్లు పొడవు. ఉత్తరమున విశాలమై, దక్షిణమునకు బోవుకొలది సన్నగిలి, సింగపూరు చెంత ఫిలిప్సు కాలువయొద్ద 2.8 కిలోమీటర్లకు దిగును. లోతును తక్కువయే, మిక్కిలి భారమైన నావలు లంబోకు జలసంధి గుండ చుట్టు దిరిగి పోవలెను.

తెరచాపల కాలమున గాలియే యేలిక. నైరృతి గాలితో మన దేశపు వర్తకులు పోయెడివారు. ఈశాన్యపు గాలితో చీనావర్తకులు దిగెడివారు. గాలి మరలువరకు కొన్ని మాసము లక్కడ నిలువక తప్పదు. ఆ నిరీక్షణమే సంతలను, రేవులను, గుడులను, వియ్యములను పెంచెను. 1400 ప్రాంతమున పరమేశ్వరుడను రాజు మలక్కాను స్థాపించెను.

అంతకు బూర్వమే, 1025లో, రాజేంద్రచోళుడు శ్రీవిజయరాజ్యముపై నావికాసైన్యమును నడపెను. ఆయన కుమార్తె అమ్మంగదేవియే నన్నయభట్టారకుని పోషించిన రాజరాజనరేంద్రుని రాణి! 1511లో పోర్చుగీసువారును, 1641లో డచ్చివారును మలక్కాను గెలిచిరి. 1824 నాటి సంధిచే నది ఆంగ్లేయుల వశమయ్యెను. నేడు జలసంధి యొడ్డులు ఇండోనేషియా, మలేషియా, సింగపూరు దేశములవి. పారసీక సింధుశాఖనుండి చైనా, జపానులకు బోవు చమురు నావలతో గూడ ఏటేట 80,000కు మించిన నావ లీ దారిని సాగుచున్నవి.

మా ముత్తవ్వ చెల్లెలును ఈ నీటిమీదనే పోయినది. ఆమె భర్తకు పేరాకు సీమలో నొక కొబ్బరితోటయందు గుమాస్తాపని దొరకగా, మదరాసున నావ యెక్కి పినాంగు రేవున దిగిరి. "ఇక్కడి సముద్రము మన యూరిచెరువువలె నున్నది, భయపడకుడు" అని ఆమె వ్రాసిన జాబు మా యింట నున్నది. 1942లో జపానువారు మలయాను, సింగపూరును ఆక్రమించిరి. తోటలలోని తెలుగువారిని, తమిళులను వేలకొలదిగా సయాము-బర్మా రైలుదారి పనికి గొనిపోయిరి. పెక్కుమంది మరలి రాలేదు. ఆ యేటినుండి మా వారి జాబులు నిలిచిపోయెను. మా ముత్తవ్వ తుదివరకు టపావాని కొరకు వీధి యరుగుపై కూర్చుండెడి దని మా యమ్మ చెప్పును.

గుట్టపై నిలిచి చూడగా, ఆమె వ్రాసినట్లే, నీరు చెరువువలెనే యుండెను. మా బాలిక మరేమియు నడుగలేదు. ఇంటికి వచ్చి ఆ జాబును తానే చదువుకొన్నది.

సోదరీమణులారా! మీ పెట్టెలలో నట్టి పాతజాబు లున్నచో, పటము నొద్ద నుంచుకొని పిల్లలకు చదివి వినిపింపుడు.