ధనుర్మాసపు పరుగు

చెన్నైలో మార్గళి మాసం చీకటితోనే లేస్తుంది. మైలాపూరు, తిరువల్లిక్కేణి వీధుల్లో తెల్లవారకముందే తిరుప్పావై వినిపిస్తుంది. గుళ్ల దగ్గర వేడి పొంగలి కోసం జనం వరసలో నిలబడతారు. ఇంటి ముందు కళ్లాపి చల్లి ముగ్గు పెట్టే ఆడవాళ్లు పేపరబ్బాయి కంటే ముందే వీధిలో ఉంటారు. మన ధనుర్మాసమే ఇది. ఆ నెల చివరికొచ్చేసరికి, జనవరి మొదటి రోజుల్లో ఒక తెల్లవారుజామున, వీళ్లందరికంటే ముందు లేచే జనం ఇంకొందరుంటారు. రెండున్నరకు అలారం, మూడున్నరకు నేపియర్ వంతెన దగ్గర హాజరు. నాలుగింటికి చెన్నై మారథాన్ మొదలవుతుంది.

2025 జనవరి 5, ఆదివారం. ఆ చీకట్లో పూర్తి మారథాన్‌కు, అంటే 42.195 కిలోమీటర్లకు నిలబడ్డవాళ్లలో నెల్లూరు ఆడపడుచు ఒకామె ఉంది. పెళ్లయి చెన్నై వచ్చింది, బ్యాంకు ఉద్యోగం, వేళచ్చేరిలో కాపురం, ఇంజనీరింగ్ చదివే కొడుకు. బడిలో కబడ్డీ ఆడిన తర్వాత నలభై ఏళ్లు దాటేవరకూ ఆమె పరిగెత్తింది బస్సు కోసమే. ముందురోజు రాత్రి ఫోనులో తల్లి అడగనే అడిగింది: “ఈ వయసులో నీకెందుకే ఈ పరుగులు, ఎవరు తరుముతున్నారని?”

ఆ మాటకు ఆమె నవ్వి ఊరుకుంది. ఏడున్నరకే పెరుగన్నం తిని, బనియను మీద నంబరు కాగితాన్ని నాలుగు పిన్నీసులతో అంటించి, తొడల లోపలి వైపూ చంకల కిందా రాసుకోవడానికి వ్యాజిలీన్ సీసా బూట్ల పక్కన పెట్టుకుని పడుకుంది. మొదటిసారి దూరం పరిగెత్తేవాళ్లకు ఈ వ్యాజిలీన్ సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పాలి. చెమటకు తడిసిన బట్ట గంటల తరబడి ఒరుసుకుంటే చర్మం చీరుకుపోతుంది, స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది దాని మంట.

ఈ పరుగు వెనకున్నది చెన్నై రన్నర్స్ అనే బృందం. 2006లో కొద్దిమంది స్నేహితులతో పుట్టింది. 2012లో నగరంలో పూర్తి మారథాన్ నిర్వహించే స్థాయికి ఎదిగింది. విప్రో, స్కెచర్స్, ఫ్రెష్‌వర్క్స్ అంటూ పేరు ముందు చేరిన కంపెనీలు మారాయి గానీ పరుగు ఆగలేదు. ఇప్పుడు అన్ని దూరాలూ కలిపి ఇరవై వేల మందికి పైగా పాల్గొంటున్నారు. పది కిలోమీటర్లు, హాఫ్, ఫుల్ అన్నిచోట్లా ఉండేవే. ఇరవై మైళ్ల పరుగు మాత్రం చెన్నై ప్రత్యేకం. హాఫ్ చేసేసి ఫుల్‌కు ఇంకా ధైర్యం చాలనివాళ్లకు అదొక మంచి మజిలీ. కొన్నేళ్లుగా ఈ పరుగు పేరు మీద టైప్-1 మధుమేహం ఉన్న పిల్లల కోసం నిధులు కూడగడుతున్నారు. రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్ లేకపోతే బతకలేని పిల్లలు వాళ్లు.

అంకెలు అలా ఉంచితే, ఈ బృందం చేసిన అసలు మేలు ఒకటుంది. దాన్ని మగవాళ్లు అంత తేలిగ్గా గమనించరు.

చెన్నైలో మారథాన్‌కు తయారవ్వాలంటే ఎండ రాకముందే పరిగెత్తాలి. వేసవిలో ఆరున్నరకే వీపు కాలుతుంది. అంటే ఇరవై, ముప్పై కిలోమీటర్ల పొడుగాటి పరుగు పెట్టుకున్న ఆదివారం నాలుగింటికి రోడ్డు మీద ఉండాలి. ఆ వేళ ఒంటరిగా ఏ ఆడది పరిగెడుతుంది? కుక్కలు, చీకటి మలుపులు, పక్కనే నెమ్మదించే బైకులు. పైగా సముద్రం ఒడ్డున అంత పొడుగు రోడ్డులో ఆ వేళకు తలుపు తీసి ఉన్న మరుగుదొడ్డి దొరకడం కష్టం. మన నెల్లూరు ఆవిడను చాలాకాలం ఆపింది ఇదే, మోకాళ్లు కావు.

ఓఎంఆర్ డ్రీమర్స్, ఈసీఆర్ రోడీస్, పిల్లర్ పేసర్స్ లాంటి పేర్లతో చెన్నై రన్నర్స్‌కు పేటపేటకూ శాఖలున్నాయి. అలాంటి గుంపు ఒకటి ఇంటికి దగ్గర్లో ఉందని బ్యాంకులో తోటి ఉద్యోగిని చెప్పింది. వెళ్తే, చీకట్లో పాతికమంది. అందులో ఏడెనిమిదిమంది ఆడవాళ్లు. ఒకామె మనవరాలిని ఎత్తుకునే వయసులో ఉంది. ఎవరు ఏ వేగంతో వెళ్లినా చివర వచ్చే మనిషి కోసం ఒకరు ఆగుతారు, అది అక్కడి కట్టుబాటు. నెలల తరబడి ఆ చివరి మనిషి ఆమే. ఒక్కరోజు కూడా ఆమెను వదిలి వెళ్లలేదు.

అంత దూరం పరుగు ఆడవాళ్ల ఒంటికి పడదన్న నమ్మకం ప్రపంచమంతటా చాలాకాలం వైద్యం మాటగానే చెలామణీ అయింది. 1967లో కాథరిన్ స్విట్జర్ నంబరు కట్టుకుని బోస్టన్ మారథాన్ పరిగెడుతుంటే నిర్వాహకుల్లో ఒకాయన వెంటపడి ఆ నంబరు లాగేయబోయాడు. ఆమె ఆగకుండా పూర్తిచేసింది. బోస్టన్ ఆడవాళ్లను అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ పెట్టడానికి 1984 దాకా పట్టింది. మన పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న లాస్ ఏంజెలిస్ క్రీడలవే. అక్కడ జోన్ బెనాయిట్ మారథాన్ విజేతగా స్టేడియంలోకి అడుగుపెట్టినప్పుడు ఆ వాదన అక్కడితో ముగిసిపోవాల్సింది. మన దేశం నుంచి ఓ.పి. జైషా 2015లో బీజింగ్‌లో 2 గంటల 34 నిమిషాల 43 సెకన్లలో పూర్తిచేసింది. ఆ వేగం మామూలు మనుషుల ఊహకు అందదు. అయినా ఆ దారిలో పరిగెత్తే హక్కు జైషాదీ, వేళచ్చేరి బ్యాంకు ఉద్యోగినిదీ ఒకటే.

నాలుగింటికి జెండా ఊపారు. కూవం మీద 1869లో కట్టిన నేపియర్ వంతెన దాటగానే ఎడమ చేతి పక్క మెరీనా, కుడి చేతి పక్క మద్రాసు విశ్వవిద్యాలయం. మామూలు రోజుల్లో బస్సులు, కార్లు తప్ప మనిషి అడుగుపెట్టలేని కామరాజర్ సాలై ఆ వేళ ఖాళీగా, దీపాలతో, మొత్తం రన్నర్లకే వదిలేసి ఉంది. నంబరు కాగితం వెనక అంటించిన చిప్ ప్రారంభ గీత దగ్గరి మ్యాటు దాటగానే కుయ్యిమంది. ఎవరి గడియారం వాళ్లకు అక్కడి నుంచే మొదలు. అందుకని వెనక నిలబడ్డవాళ్లు తోసుకోనక్కర్లేదు. వేలమంది బూట్ల చప్పుడు తప్ప కాసేపు ఎవరి మాటా లేదు. శ్రామిక విజయ విగ్రహం దాటారు. బండరాయిని పెకలిస్తున్న ఆ నలుగురు మనుషులను దేవీప్రసాద్ రాయ్ చౌధురి మలిచారు, 1959 నుంచి అక్కడే ఉన్నారు. ప్రెసిడెన్సీ కళాశాల, వివేకానందర్ ఇల్లం, ఆ పైన క్వీన్ మేరీస్ కళాశాల. 1914లో ఆడపిల్లల కోసం తెరిచిన కళాశాల అది. లైట్‌హౌస్ వచ్చేసరికి బనియను పిండితే నీళ్లు కారేలా ఉంది.

చెన్నై పరుగులో తిప్పలన్నీ ఈ చెమటలోనే ఉన్నాయి. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్ల ఎక్కుళ్లు కాళ్లను పిండేస్తాయి. ఇక్కడ రోడ్డు దాదాపు చదును, కష్టమంతా గాలిలో ఉంటుంది. జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీలే అయినా తేమ ఎనభై శాతం దాటుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తేమ గాలిలో చెమట ఆరదు, ధారగా కారిపోతుంది. ఒంట్లో వేడి ఒంట్లోనే ఉంటుంది, గుండె వేగం పెరుగుతూ పోతుంది. అందుకే ఇక్కడి పాతకాపులు మొదటి సగం మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా వెళ్లమంటారు.

నీళ్ల సంగతి కూడా అంతే ముఖ్యం. దాహం వేసినా వేయకపోయినా ప్రతి స్టాల్ దగ్గరా గ్లాసులకొద్దీ తాగేవాళ్లున్నారు. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసినవాళ్ల రక్తం పరీక్షించి 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి పదమూడు మందికి రక్తంలో సోడియం తక్కువగా తేలింది. పరుగులో ఒంటి బరువు పెరిగేంతగా నీళ్లు తాగడం అందుకు ముఖ్య కారణం. నాలుగు గంటలకు పైగా పరిగెత్తే నెమ్మది రన్నర్లకే ఆ ముప్పు ఎక్కువ. ఆమె ఈ సంగతి గుంపులోని ఒక డాక్టరు దగ్గర విన్నది. జేబులో ఉప్పు పొట్లం, దాహమైనప్పుడే నీళ్లు, మధ్యమధ్య ఎలక్ట్రాల్. అదే పాటించింది.

శాంథోమ్ దాటాక దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు. ఈ రోడ్డు గురించి తెలుగువాళ్లకు చెప్పకుండా ముందుకు పోలేం. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో జైలుకెళ్లి, 1937లో ఇదే నగరంలో ఆంధ్ర మహిళా సభను మొదలుపెట్టి, రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి ఆవిడ. చదువు ఆగిపోయిన ఆడవాళ్లకు మళ్లీ పుస్తకం పట్టించిన సంస్థ అది. ఆ ఆవరణ ఈ దారిలోనే ఉంది. రాష్ట్రం విడిపోయి డెబ్బై ఏళ్లు దాటింది. తెలుగు సినిమా వెళ్లిపోయింది, పత్రికలు వెళ్లిపోయాయి. రోడ్డు బోర్డు మీద ఆవిడ పేరు మాత్రం ఉంది. ఆ దారిన ఒక తెలుగు ఆడమనిషి తెల్లవారకముందు, పక్కన ఎవరి తోడూ అక్కర్లేకుండా, రోడ్డు నడిమధ్యన పరిగెత్తుకుంటూ పోవడం చిన్న విషయమని ఈ రచయితకు అనిపించదు. పక్క వీధి మొగలో నైటీ మీద తువ్వాలు వేసుకుని ముగ్గు పెడుతున్న ఒక పెద్దావిడ పిండి గిన్నె కింద పెట్టి చప్పట్లు కొట్టింది: “ఓడు మా, ఓడు!” తమిళంలో పరిగెత్తమ్మా అని.

అడయారు వంతెన దాటి దక్షిణానికి తిరిగాక పొద్దు పొడిచింది. అక్కడక్కడా పఱై మేళాలు. ఆ డప్పు దెబ్బ వినగానే వాలిపోయిన భుజాలు లేస్తాయి. హాఫ్ మారథాన్ వాళ్లూ, ఇరవై మైళ్ల వాళ్లూ ఎవరి దారిన వాళ్లు విడిపోయాక రోడ్డు పలచబడింది. ఎనిమిది దాటింది, ముప్పైయో కిలోమీటరు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద నీడ లేదు.

మారథాన్ రన్నర్లు గోడ అని పిలిచేది ఇక్కడే ఎదురొస్తుంది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం సుమారు రెండు వేల కేలరీలకు సరిపడా ఉంటుంది. కిలోమీటరుకు, ఒంటి బరువులో ప్రతి కిలోకు దాదాపు ఒక కేలరీ ఖర్చు. అరవై అయిదు కిలోల మనిషికి ముప్పై కిలోమీటర్లకే నిల్వ అడుగంటుతుంది. కొవ్వు ఉన్నా దాన్ని శరీరం అంత చురుగ్గా వాడుకోలేదు. కాళ్లు సీసం పోసినట్టయ్యాయి. ఆమె నడక మొదలుపెట్టింది. ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుంది, నమలడానికీ ఓపిక లేదు.

తర్వాతి స్టాల్ దగ్గర పసుపు టీషర్టు వేసుకున్న కుర్రాడొకడు నారింజ తొనలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా అందరూ నీళ్లు కావాలా అని తమిళంలోనే, “తణ్ణి వేణుమా అక్కా?” అంటూ వచ్చారు. వీడు ఆమె నంబరు మీద అచ్చైన పేరు చదివి, ముఖం విప్పారి, “అక్కా, మనోళ్లా? మాది కావలి!” అన్నాడు. తొనలు చేతిలో పెట్టి, తడి స్పాంజి మెడ మీద పిండి, పక్కనే కొంత దూరం నడిచాడు. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో మూడో ఏడాదట, రాత్రి ఒంటిగంటకు బస్సెక్కి వచ్చారట, వాళ్ల అమ్మకు చెబితే నిద్ర మానుకుని వేరేవాళ్లకు నీళ్లివ్వడమేంటి అందట. “పది కిలోమీటర్లే అక్కా. నడిచినా అయిపోద్ది. కూర్చోవద్దు మాత్రం.” కూర్చోలేదు. ఒక దీపస్తంభం దాకా పరుగు, తర్వాతి స్తంభం దాకా నడక. అలా సాగింది.

ముందు వచ్చే విజేతల ఫొటోలు పత్రికల్లో పడతాయి. వాళ్లు ఇంటికెళ్లి స్నానం చేసే వేళకు ఇంకా రోడ్డు మీద ఉన్నవాళ్ల కోసం ఎండలో గ్లాసులు నింపుతూ నిలబడేది ఈ పిల్లలు. పెద్ద పరుగు నిలిచేది వీళ్ల మీదే. పతకం ఒకటి వాళ్ల మెడలోనూ వేయాలి.

ముగింపు మ్యాటు మళ్లీ కుయ్యిమంది. మెడలో పతకం పడింది, చేతికి టిఫిను పొట్లం వచ్చింది, కొడుకు పరిగెత్తుకొచ్చి చెప్పుల జత ఇచ్చాడు. బూట్లు విప్పితే రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి ఉన్నాయి. నెల తిరిగేసరికి ఊడిపోతాయి, కొత్తవి వస్తాయి. ఇంటికెళ్లాక పిక్కలకు భర్త అమృతాంజనం రాశాడు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టి తర్వాత మద్రాసుకు తరలించిన ఆ పసుప్పచ్చ మందు ఆమె తల్లి అలమారలోనూ ఎప్పుడూ ఉండేదే. మైలాపూరు లజ్‌లో ఆయన పేరున్న పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లలో ఆ సీసాకూ ఆ పేరుకూ ఉన్న సంబంధం తెలిసినవాళ్లు ఎందరో మరి.

సాయంత్రం నెల్లూరికి ఫోను. ఎంతసేపు పట్టిందో తల్లి అడగలేదు. “మధ్యలో ఏమైనా పెట్టారా తినడానికి?” అని అడిగింది. కావలి పిల్లాడి సంగతి విన్నాక, వాడి పేరేంటో, ఎవరబ్బాయో కనుక్కోలేదేమని కూతురిని నాలుగు చీవాట్లు పెట్టింది.

ఆ పై ఆదివారం గుంపు మామూలుగానే చీకటితో కలిసింది. పండగ ముందు రోజులు, ఊళ్లకు వెళ్లినవాళ్లు పోగా పదిమందే వచ్చారు. అందులో ఇద్దరు కొత్త ఆడవాళ్లు. ఒకామె సల్వారు కమీజు మీదే వచ్చింది, కాళ్లకు కొడుకు స్కూలు బూట్లు. మూడో కిలోమీటరు దగ్గర ఆయాసంతో ఆగిపోయింది. పిక్కల నొప్పులు ఇంకా తీరని మన నెల్లూరు ఆవిడ ఆమె పక్కన ఆగి, బూట్లు సైజులో అర అంకె పెద్దవి కొనుక్కోమనీ, ఎక్కడ కొంటే చవకో, వ్యాజిలీన్ ఎక్కడెక్కడ రాసుకోవాలో చెప్పడం మొదలుపెట్టింది.