సాత్ గుంబద్ తోటలో ఒక రోజు

బుద్వేల్ నుండి గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల తోటకు దూరం ఎంతో లేదు. రాజేంద్రనగర్ దాటి, మూసీ వంతెన మీదుగా లంగర్‌హౌజ్ చేరుకుంటే ప్రయాణం దాదాపు ముగిసినట్లే. అయినా మా వెంట వచ్చిన 32 మంది విద్యార్థినీ విద్యార్థులలో అంతకుముందు ఆ ప్రాంగణంలో అడుగుపెట్టినవారు నలుగురే. శంషాబాద్ విమానాశ్రయం దారిలోని ప్రతి మలుపూ చెప్పగల పిల్లలకు ఈ దారి తెలియకపోవడం మాకు కొంత బాధ కలిగించింది.

పాతబస్తీ పెద్దలు దీనిని నేటికీ సాత్ గుంబద్ అంటారు. ఏడే గుమ్మటాలు ఉంటాయనుకొని వెళ్ళినవారికి లోపల నలభై వరకు సమాధులు, ఇరవైకి పైగా మసీదులు, మెట్ల బావులు, ఒక హమ్మామ్ కనిపిస్తాయి. ప్రాంగణం విస్తీర్ణం 106 ఎకరాలు. రాజవంశీకుల భౌతికకాయాలకు గుస్ల్ ఇచ్చినది ఆ హమ్మామ్‌లోనే అని చెబుతారు. ఆ మాట వినగానే అంతవరకు సందడి చేస్తున్న పిల్లలు నిశ్శబ్దమైపోయారు.

1543లో హత్యకు గురైన వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ సమాధి చూడటానికి సాదాగానే ఉంటుంది. ఆయన మనుమల తరం నాటికి గుమ్మటాలు ఆకాశానికి ఎదిగాయి. 1591లో హైదరాబాదు నగరానికి పునాది వేసిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా సమాధి ఎత్తు సుమారు 42 మీటర్లు. ఆడపిల్లలను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆయన కుమార్తె హయాత్ బక్షీ బేగం చరిత్ర. 1626లో కుమారుడు అబ్దుల్లా పసితనంలోనే గద్దెనెక్కగా, రాజ్య వ్యవహారాలను ఆమె చక్కబెట్టారు. హయత్‌నగర్ పేరు ఆమెదే అని తెలిసినప్పుడు, రోజూ ఆ పేరున్న బస్సును చూసే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అక్కడే తొమ్మిదవ తరగతి బాలిక ఒకరు సూటిగా అడిగారు: "సమాధి సాదాగా ఉండాలని మనకు నేర్పారు కదా, మరి వీరు ఇంత ఎత్తున ఎందుకు కట్టుకున్నారు?" ఈ ప్రశ్నను దాటవేయడం మాకు ఇష్టం లేకపోయింది. ధర్మం చెప్పినది ఒకటి, రాజులు చేసినది మరొకటి అని ఒప్పుకున్నాము. తరువాత ఈ తోటలో లేని సుల్తాను గురించి చెప్పాము. చివరి పాలకుడు అబుల్ హసన్ తానాషాను 1687లో ఔరంగజేబు ఓడించి దౌలతాబాద్ కోటలో బంధించాడు. ఆయన అక్కడే మరణించగా, దగ్గరలోని ఖుల్దాబాద్‌లో ఖననం చేశారు. కొన్నేళ్ళ తరువాత ఔరంగజేబును కూడా అదే ఊరిలో, పైకప్పు లేని సాదా సమాధిలో ఉంచారు. గెలిచినవాడు, ఓడినవాడు ఒకే ఊరి మట్టిలో ఉన్నారు. ఆ బాలిక తన నోటు పుస్తకంలో ఖుల్దాబాద్ అని మాత్రమే వ్రాసుకున్నారు.

జుహర్ నమాజు, భోజనం ముగించుకొని బడీ బావోలీ చేరుకున్నాము. మా దృష్టిలో ఈ తోటకు ప్రాణం గుమ్మటాలు కావు, ఈ బావి. పూర్వం బావులలో ఎద్దులతో మోట తోలి నీరు పైకి తోడేవారు. ఆ నీరు కాలువల గుండా చెట్లకు, హమ్మామ్‌కు చేరేది. 2013 వర్షాలకు దీని గోడ ఒక వైపు కూలిపోయింది. అదే ఏడు రాష్ట్ర పురావస్తు శాఖతో కలసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు మొత్తం తోట పునరుద్ధరణకు పూనుకుంది. గత శతాబ్దంలో పూసిన సిమెంటును మేస్త్రీలు ఓపికగా తొలగించి, మళ్ళీ సున్నపు గారతోనే పని చేశారు. గోల్కొండ మెట్ల బావులకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. పనులన్నీ పూర్తయి 2024 జూలైలో తోటను లాంఛనంగా ప్రజలకు అంకితం చేశారు. పురస్కారం కన్నా మాకు ముచ్చట గొలిపినది, ఆ బావిలో మళ్ళీ వాన నీరు నిలవడం, ఆ నీరు మొక్కలకు అందడం.

పిల్లలు మెట్ల అంచున చాలాసేపు కూర్చున్నారు. తమ వీధి మూలన చెత్తతో పూడిపోయిన బావి ఒకటి ఉన్నదని ఇద్దరు బాలురు చెప్పారు. అది ఎంత లోతు ఉండేదో వారికి తెలియదు. తాతగారిని అడిగి శుక్రవారం నాటికి చెబుతామన్నారు.