రేపల్లె తర్వాత పట్టాల్లేవు

తెనాలి నుంచి రేపల్లెకి సుమారు 34 కిలోమీటర్లు. ఒకటే లైను. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన దాటితే రేపల్లె, అక్కడితో పట్టాలు ఆఖరు. గుంటూరు నుంచి ఇక్కడికి 1916లోనే రైలొచ్చింది. నూరేళ్లు దాటినా ముందుకి మాత్రం పోలేదు.

ఈసారి నేను వెళ్లింది బావ కోసం. మా మేనత్త కొడుకు. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకి రిథమ్ ప్యాడ్ వాయిస్తాడు. "ప్యాడ్ అమ్మేస్తున్నారా, ఓసారి రా" అని ఫోన్ చేశాడు. పదేళ్లుగా వాయిస్తున్న మనిషి అలా అంటే ఎలా ఉంటుంది చెప్పండి?

దారంతా ఇయర్‌ఫోన్స్‌లో చౌరస్తా బ్యాండ్. హైదరాబాద్ కుర్రాళ్లు. సినిమా లేకుండా, హీరో లేకుండా సొంత పాటలు కట్టి యూట్యూబ్‌లో పెట్టారు. 'మాయ', 'ఊరెళ్లిపోతా మామ' మీలో చాలామంది వినే ఉంటారు. వాళ్ల సౌండ్‌లో గమ్మత్తేంటంటే, మాటలు మన పల్లెవి, నడక రెగేది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండే ఖాళీలో గిటార్ తగులుతుంది. దాంతో పాట కాస్త ఊగుతూ నడుస్తుంది, అచ్చం ఈ లైన్లో రైల్లాగే. 2020లో కరోనా వచ్చినప్పుడు 'చేతులెత్తి మొక్కుతా' అంటూ జాగ్రత్తలు చెప్పిన పాట కూడా వీళ్లదే. ఆ బ్యాండ్ గొంతు రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడాడు. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాట తనే కట్టి, తనే పాడాడు. ఆ తర్వాత ఆ పాట లేని బరాత్ నేను చూళ్లేదు.

బావ బాధ సరిగ్గా అక్కడే ఉంది. "జనం అడిగేది ఆ టిల్లు పాటేరా. అది వెయ్యడానికి పెన్‌డ్రైవ్ చాలు, నేనెందుకు?" అన్నాడు. నిజమే. ఒకప్పుడు పెళ్లికి పదిమంది ఆర్కెస్ట్రా వెళ్లేది. తర్వాత అయిదుగురయ్యారు. ఇప్పుడు డీజే బండి, జనరేటర్, ఇద్దరు కుర్రాళ్లు. అంతే.

సాయంత్రం బండి మీద చెరువుల వైపు తీసుకెళ్లాడు. ఒకప్పుడు వరి పండిన చోట ఇప్పుడు రొయ్యల చెరువులు. చీకటి పడుతుంటే ఏరియేటర్లు ఆన్ చేస్తారు. నీళ్లని చిలికి రొయ్యలకి గాలి అందించే చక్రాలవి. ఒక్కటి తిరిగితే చప్పుడు. పాతిక తిరిగితే ఆ గట్టు మీద మాట వినపడదు. బావ ఫోన్ తీసి నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాడు.

మొదట అదే ఏరియేటర్ హోరు. దాని కింద ప్యాడ్ మీద డప్పు దెబ్బ. మధ్యలో రైలు కూత. ఆ గోల మీద బావ గొంతు, సన్నగా, రాత్రంతా చెరువుకి కాపలా కాసే కుర్రాడి పాట. గొంతు అక్కడక్కడా హోరులో మునిగిపోతుంది. వద్దనుకుంటే ఆ చప్పుడు తీసేయొచ్చు. "తీసేస్తే ఇంకెక్కడి పాటరా, అది ఏ ఊరి పాటైనా అవుతుంది" అన్నాడు.

"మరి అమ్మడం ఎందుకు బావా?"

"ఎవడు వింటాడు? మిరియాల కూడా చివరికి సినిమాకే పోయాడుగా."

అప్పుడు నాకు బాపట్ల స్థానం నరసింహారావు గారు గుర్తొచ్చారు. 1902లో పుట్టారు, నాటకాల్లో సత్యభామ వేషానికి పెట్టింది పేరు. 'మీరజాలగలడా' పాట 1966 నాటి 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో సుశీల గారి గొంతులో మనందరికీ తెలుసు. కానీ దాన్ని స్థానం గారు నాటకం కోసం తానే రాసుకున్నారు. పాట స్టేజీ మీద పుట్టింది, సినిమా తర్వాత వచ్చి తీసుకుంది. తెనాలి దగ్గరి సుద్దపల్లిలో పుట్టిన రఘురామయ్య గారైతే పద్యం మధ్యలో వేలు నోట్లో పెట్టి ఈల వేసేవారు. ఆ ఈలే ఆయన ఇంటిపేరైపోయింది. అంటే ఈ నేల మీద సొంత సౌండ్ కొత్తేమీ కాదు. చౌరస్తా వాళ్లు చేసిందీ అదే, స్టేజీ బదులు యూట్యూబ్ వాడారు.

బావతో ఇదంతా చెప్పాను. "వాళ్లకి నాటకం చూసే జనం ఉండేవాళ్లురా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్యాడ్ కొంటానన్నవాడు నిజాంపట్నం నుంచి ఆదివారం వస్తానన్నాడట.

శనివారం రాత్రి రేపల్లెలోనే ఓ పెళ్లి. వధూవరులు రావడం ఆలస్యమైంది, డీజే వాడు కేబుల్ సర్దుకుంటున్నాడు. ఆ ఖాళీలో బావ తన పాట వాయించాడు, ఫోన్‌లోని హోరుతో సహా. పెద్దవాళ్లు తలలు తిప్పి మైక్ చెడిపోయిందా అన్నట్టు చూశారు. వంట దగ్గర నీళ్లు మోస్తున్న కుర్రాడొకడు మాత్రం బిందె దించి నిలబడిపోయాడు. పాట అయ్యాక దగ్గరికొచ్చి, "అన్నా, అది మా చెరువు చప్పుడే కదా? నాకు షేర్ చెయ్యవా?" అన్నాడు.

బావ బ్లూటూత్ ఆన్ చేశాడు. ఆదివారం పొద్దున్నే నిజాంపట్నం ఫోన్ చేసి, వచ్చే ముహూర్తాలు అయ్యేదాకా ఆగమన్నాడు.