మొలతాడూ సంకెలా

కాశీబుగ్గ బజారులో పసుపుకుంకాల కొట్ల ముందు మొలతాళ్ళు కట్టలుగా వేలాడుతుంటాయి. నల్లవి ఎక్కువ, ఎర్రవి తక్కువ. కొనేవాళ్ళు పెద్దగా బేరమాడరు. రెండువైపులా పట్టి లాగి, తడివేలితో రుద్ది, రంగు వదులుతుందేమో చూస్తారు. పసితనంలో మొలకెక్కిన తాడు తెగినప్పుడల్లా కొత్తది పడాల్సిందే. పెళ్ళాం పోయినవాడికే మొల బోసిగా ఉంటుందని పెద్దల పట్టింపు. అందుకే తోలు బెల్టు బిగించిన టెక్కలి కాలేజీ కుర్రాడికీ లోపల మొలతాడు ఉంటుంది.

ఆడవాళ్ళ నడుముకున్న వైభవం దీనికి లేదు. ఒడ్డాణం పేరెత్తితే చాలు, ఎన్ని తులాలని అడుగుతారు. అమరకోశం కూడా ఆడవాళ్ళ మొలనూలికి మేఖల, కాంచి, సప్తకి, రశన, సారసనం అని ఐదు పేర్లు పోగేసి, మగవాడి దగ్గరకొచ్చేసరికి ఒక్కదానితో సరిపెట్టింది: శృంఖలం.

ఏనుగు కాలి గొలుసుకీ అమరసింహుడు ఆ పేరే చెప్పాడు మరి! అదే మాట ప్రాకృతంలో సంకలగా అరిగి, మన నోట సంకెల అయింది. మొలకు చుట్టేదీ చేతులకు తగిలించేదీ ఒకే మాట పిల్లలు. కాంచీ మేఖలలను కవులు పట్టుకుపోయారు. మగవాడి వాటాకొచ్చింది మాత్రం ఠాణాకు చేరింది.

ఈ రెండో అర్థం మా వైపు నిఘంటువు చూసి నేర్చుకున్నది కాదు. 1940లో మందస జమీందారీ రైతులు అడవి మీద హక్కు కోసం కలబడ్డారు. గోచీ, దాన్ని నిలిపే మొలతాడు తప్ప ఒంటిమీద పెద్దగా ఏమీ లేని మనుషులు. గుడారి రాజమణిపురంలో వాళ్ళను అరెస్టు చేసి తీసుకుపోతుంటే సాసుమాను గున్నమ్మ అడ్డం నిలిచింది. పోలీసులు కాల్చి చంపారు. ఆమె అప్పుడు నిండు గర్భిణి.

బెల్టు అన్న మాట ఆ తర్వాతి తరాల నడుములకు ఎక్కింది. అదీ అక్కడే ఉండిపోలేదు. ఇప్పుడు ఏ ఊళ్ళోనైనా బెల్టు షాపు ఎక్కడని అడిగి చూడండి, తోలు సరుకు కొట్టు ఎవరూ చూపించరు. లైసెన్సు లేకుండా సీసాలమ్మే గుమ్మానికే తీసుకెళ్తారు.